తలుపు చప్పుడు

పంజాగుట్ట చౌరస్తా దగ్గర మేడ మీది క్లినిక్‌లో, మెళ్లో కంపెనీ బ్యాడ్జీ ఉన్న అతను డాక్టరు ఎదుట తల వంచుకుని కూర్చున్నాడు. భార్య బయట బెంచీ మీద ఉంది.

"ఎంతసేపైనా వీర్యం పడటం లేదండీ. అలసిపోయి వదిలేస్తున్నాను."

"షుగరున్నదా? డిప్రెషన్ మందులేమన్న వాడుతుండ్రా?"

"లేదండీ."

"ఒక్కరే ఉన్నప్పుడు?"

"అప్పుడవుతుందండీ. బాత్రూంలో, కుళాయి తిప్పుకుంటేనే."

"కుళాయెందుకు?"

"అమీర్‌పేట హాస్టల్లో జావా నేర్చుకునేటప్పటి అలవాటండీ. అంతమందికీ ఒకటే బాత్రూం. ఎవరో ఒకరు తలుపు బాదుతూనే ఉండేవారు. చప్పుడు బయటికి వినపడకుండా కుళాయి తిప్పి, ఊపిరి బిగబట్టి గబగబా కానిచ్చేవాణ్ణి."

"ఇప్పుడు సొంత ఫ్లాటే గద?"

"మేమిద్దరమేనండీ. అయినా సరిగ్గా ఆ సమయానికి ఎవరో తలుపు బాదుతున్నట్టే ఉంటుంది. ఊపిరి బిగుసుకుపోతుంది. ఇక అంతే."

"ఆమె ఏమంటది?"

"తనంటే నాకిష్టం లేదనుకుంటోందండీ."

"గీ హాస్టల్ ముచ్చట చెప్పిండ్రా?"

"ఎలా చెప్తానండీ?"

"మీ నరాల్లో లోపమేం కనిపిస్తలేదు. ఒళ్లు గా బాత్రూం పద్ధతికి అలవాటు పడ్డది. ముందు అది బంద్ చేయుండ్రి. కొన్నాళ్లు, పడాలె అన్న ఫికరే వద్దు, ఊరికే దగ్గరగ ఉండుండ్రి. ఆమెకు మాత్రం అంతా చెప్పాలె."

తలుపు మీద చప్పుడైంది.

అతను ఊపిరి బిగబట్టాడు. మళ్లీ తట్టారు. అతని చెయ్యి కుళాయి కోసమన్నట్టు గోడవైపు పోయింది.

"ఊపిరి వదలుండ్రి," అన్నాడు డాక్టరు మెల్లగా. "మీ ఆవిడే. పోయి తలుపు మీరే తీయుండ్రి."