ఎదురు బండి

హలో… ఆ, నేనే. తీరిందా అమ్మడూ నీకు? పొద్దుట్నుంచీ చేస్తూనే ఉన్నాను…

నిద్రా? ఆదివారమైతే మాత్రం ఇంతసేపా? నోయిడాలో ఫ్లాట్ తీసుకున్నాక పొద్దున్నే లేవడమన్నదే మానేశావు. సరే, అది వదిలెయ్. నిన్న నువ్వు పంపిన టికెట్లు చూశాను.

ఆ, అవే. బెర్లిన్ నుంచి ప్రాగ్‌కి… బాగున్నాయా అంటే? ఏం బాగున్నాయి నా మొహం! తప్పులతడక.

రైలు కరెక్టే. రైలు నేను చెప్పిందేగా, కరెక్టుగా ఎందుకుండదు? పేర్లు చూడు, పేర్లు. నాలుగు సీట్లు. నువ్వున్నావు, నీ ఫ్రెండు శరణ్య ఉంది. తర్వాత ఎవరో మేఘా గుప్తా, ఇంకెవరో ఇషిత…

నీ ఆఫీసువాళ్లా? అచ్ఛా. వాళ్లూ వస్తున్నారని నాకు చెప్పలేదే. సరే, రానీ. పిల్లలు సరదాపడ్డారు, నాకేం అభ్యంతరం? మరి మా సీట్లేవి?

మా సీట్లు తల్లీ. నాది, మీ అమ్మది. విడిగా తీశావా? అందరివీ ఒకే టికెట్ మీద తియ్యమని చిలక్కి చెప్పినట్టు చెప్పానా లేదా? ఇప్పుడు మీరో పెట్టె, మేమో పెట్టె. అక్కడ మధ్యాహ్నం మీ అమ్మకి పెరుగన్నం ఎవరిస్తారు, నువ్వా? డబ్బా నీ సంచిలో, మనిషి ఇంకో పెట్టెలో…

…హలో? ఉన్నావా?

ఏంటి? "పాపా, లిజన్" ఏంటి? తెలుగులో చెప్పు… రాకపోతే వచ్చినంతే చెప్పు. నీకు రానిదల్లా చదవడం, రాయడం. మాట్లాడ్డం బానే వచ్చు.

…

ఆగు. ఆగాగు.

మేము రావట్లేదా?

…

లేదు, వింటున్నాను. చెప్పు.

…

ఫ్రెండ్స్ ట్రిప్పు.

ఓహో.

మొదట్నుంచీ ఫ్రెండ్స్ ట్రిప్పేనా? మరి దసరాకి ఇంటికొచ్చి, అన్నం తింటూ, "పాపా, యూరప్‌లో రైళ్లన్నీ మీరే ప్లాన్ చెయ్యాలి, మీకంటే ఎవరికి తెలుసు" అన్నది ఎవరు? పక్కింటివాళ్లమ్మాయా?

హెల్ప్ అడిగావా! హెల్ప్ అడిగానంటావా! అక్షరా, నేను రైల్వే బోర్డులో పనిచేస్తున్నాను. ఎంక్వయిరీ కౌంటర్లో కూర్చోలేదు, వచ్చినవాడికల్లా బండి టైము చెప్పి పంపించెయ్యడానికి.

అరవట్లేదు. నా గొంతే ఇంత.

అరుస్తాను! ఎందుకరవను? ప్రతి ఆదివారం వీడియో కాల్లో కూర్చోబెట్టుకుని చెప్పానే! డ్రెస్‌డెన్ దాటాక నది ఎడం పక్కన వస్తుంది, మీ అమ్మని అటు కిటికీ దగ్గర కూర్చోబెడదాం అన్నానా? అప్పుడేమన్నావు? "ఓకే పాపా" అన్నావు. ప్రాగ్‌లో హోటలు మెట్లెక్కేది వద్దు, అమ్మకి మోకాళ్లు అన్నానా? "ఓకే పాపా." వియన్నాలో రెండు గదులు తీసుకుందాం అంటే… అప్పుడూ "ఓకే పాపా"నే! నోరు తెరిచి ఒక్క ముక్క, "పాపా, మీరు రావట్లేదు" అనడానికి నీకేమైంది?

జోకనుకున్నావా?

నేనెప్పుడు జోకులేశానమ్మా నీతో? నీకు పాతికేళ్లొచ్చాయి, ఒక్కటి వేసినట్టు గుర్తుందా?

…తర్వాత అర్థమైంది. ఎప్పుడు? … దీపావళప్పుడు. అప్పుడైనా చెప్పొచ్చుగా.

చెప్పడానికి భయం వేసిందా! నేనేమన్నా పులినా?

…ఇప్పుడు అరుస్తున్నానంటే ఇప్పుడు సంగతి వేరు!

ఒక్క నిమిషం… నహీ చాహియే భయ్యా! కుఛ్ నహీ! పాలక్ భీ నహీ!

…నిన్ను కాదు. కింద కూరల బండివాడు. వాడొకడు, మనిషి బాధలో ఉన్నప్పుడే వస్తాడు.

ఎక్కడున్నాను? ఆ. సరే, నన్నొదిలెయ్. ఆఫీసులో నేనేం చెప్పుకోను? పర్మిషన్ వచ్చేసింది తెలుసా నీకు? విదేశానికి వెళ్లాలంటే మా డిపార్టుమెంటులో పైదాకా వెళ్లి రావాలి ఆ కాగితం. ఎందుకు, ఎవరితో, ఎన్నాళ్లు… అన్నీ అడుగుతారు. "కూతురితో" అని రాశాను. నా చేత్తో రాశాను. "మా అమ్మాయి తీసుకెళ్తోందండీ" అని జాయింట్ సెక్రటరీ గారి ముందు నిలబడి చెప్పాను. ఆయనేమో, "యూ ఆర్ లక్కీ, రావ్ సాబ్" అన్నాడు. నవ్వాను కూడాను.

అదొక్కటేనా? శుక్రవారం మా సెక్షన్ మొత్తం నన్ను అశోకా రోడ్‌కి తీసుకెళ్లి ఆంధ్రా భోజనం పెట్టించింది. ఆ రంగనాథ్ లేడూ… అదే, నెల్లూరాయన… మెడకి పెట్టుకునే దిండొకటి కొని, రంగుకాగితంలో చుట్టి మరీ ఇచ్చాడు. అందరూ చప్పట్లు. రేపు ఏ మొహం పెట్టుకుని వెళ్లనక్కడికి? "మా అమ్మాయి ఫ్రెండ్సుతో వెళ్తోందిట, నన్ను రైలు టైములు చెప్పమంది అంతే" అననా?

నవ్వుతారు కాదు. జాలిపడతారు. అదింకా నరకం.

కూరలో కరివేపాకులా తీసి పక్కన పెట్టావు అక్షరా. వాసన కావాలి, ఆకు అక్కర్లేదు.

…

ఏంటి?

కొంచెం గట్టిగా చెప్పు.

"అయితే మీరూ రండి"?

వద్దు! ఏం వద్దు! … వాళ్లతో మాట్లాడతావా? మీ ఫ్రెండ్సుని అడిగి చెబుతావా? అంటే నలుగురు ఆడపిల్లలు కూర్చుని, వీళ్ల నాన్నని తీసుకెళ్దామా వద్దా అని ఓట్లేస్తారా? మెజారిటీ వస్తే నేను సామాను సర్దుకోవాలా? అమ్మా, నీకు దణ్ణం. జాలితో ఇచ్చే సీటు నాకొద్దు. నేను సామర్లకోట నుంచి ఢిల్లీ వచ్చింది జనరల్ పెట్టెలో నిలబడి. ఆ రోజు కూడా ఎవర్నీ జరగమని అడగలేదు.

…ఏడవకు. నువ్వేడిస్తే నాకు కోపం తగ్గుతుందనుకోకు. పెరుగుతుంది.

చూడు, నా సంగతి సరే. మీ అమ్మకి ఎవరు చెబుతారు? … నువ్వా? ఫోన్లోనా? ఇంత పని చేసి ఫోన్లో చెబుతావా? … లేదు, ఇంట్లో లేదు. పార్కుకి వెళ్లింది. ఎందుకెళ్లిందో తెలుసా? సరోజినీ నగర్లో బూట్లు కొనుక్కుంది, తాళ్ల బూట్లు. పుట్టి బుద్ధెరిగాక ఆవిడ కాలికి చెప్పు తప్ప ఇంకోటి ఎరగదు. "అక్కడ రాళ్ల వీధుల్లో నడవాలిట కదండీ, అలవాటు చేసుకుంటాను" అని చీర మీద ఆ బూట్లేసుకుని, రోజూ కాలనీ పార్కు చుట్టూ తిరుగుతోంది. వాచ్‌మన్ కూడా అడిగాడట, "ఆంటీజీ, మారథాన్‌కి వెళ్తున్నారా" అని. ఇప్పుడావిడతో ఏం చెప్పమంటావు? బూట్లు విప్పెయ్యవే, మన పేర్లు లేవు అని చెప్పనా?

చెప్పు. 

… నా దగ్గర "సారీ" అనకు. ఇంగ్లీషులో సారీ అనడం చాలా తేలిక.

…"క్షమించండి" అని కూడా అనకు! ఎక్కణ్ణుంచి పట్టుకొచ్చావది? నాకింకా కోపంగానే ఉంది…

ఉండు. తాళం తీస్తోంది. మీ అమ్మే. … లేదు, పెట్టెయ్యకు! లైన్లో ఉండు. నువ్వు చేసిన పని నువ్వే విను.

అనసూయా. ఇలా రా. … బూట్లు తర్వాత విప్పుదువుగాని, ముందు కూర్చో… అక్షర. ఫోన్లో… ఏం లేదు. కంగారుపడకు. ఎవరికీ ఏం కాలేదు. మన ప్రయాణం…

ఏంటి?

నీకు తెలుసా?

అక్షరా! మీ అమ్మకి చెప్పావా? … చెప్పలేదా? … ఒట్టా?

మరి నీకెలా తెలుసు అనసూయా? … ఏ ఆడపిల్ల అమ్మానాన్నల్ని వెంటేసుకుని తిరుగుతుందంటావా? … మాట్లాడేది మన పిల్ల గురించి. … అబ్బా. అంటే దసరా నాడే నీకు తెలుసు? ఆ అన్నం దగ్గరే? నీకు తెలిసి, ఇన్నాళ్లూ నేను ఆ కాగితాలు పరుచుకుని గంటలు గంటలు… నువ్వు పక్కన కూర్చుని మజ్జిగిచ్చి… నాకొక్క మాట చెప్పలేదు!

…

ఆ?

మళ్లీ చెప్పు.

…

విన్నావా అక్షరా? వినపడిందా అక్కడికి? … "మీరంత సంతోషంగా ఉండటం నేను ఎప్పుడూ చూళ్లేదు, ఎలా చెప్పను" అంటోంది మీ అమ్మ.

…ఊఁ.

లేదు, బానే ఉన్నాను. 

ఇద్దరూ కలిసి నన్ను బాగా ఆడించారు. ఒకరు నిజం చెప్పకుండా, ఇంకొకరు తెలిసి ఊరుకుని. మధ్యలో నేనొక పిచ్చివాణ్ణి.

అయితే అనసూయా, నాకో సంగతి చెప్పు. మనం వెళ్లట్లేదని తెలిసినదానివి బూట్లెందుకు కొన్నావు? ఆ పార్కు చుట్టూ ఎందుకు తిరుగుతున్నావు? ఆ కందిపొడి, ఆ కరివేపాకు పొడి, అవన్నీ ఎవరికి? …

ఎవరిద్దరం?

మనిద్దరమా?

…హలో, ఉండవే! మధ్యలో నువ్వు మాట్లాడకు, మీ అమ్మ చెప్పేది విననీ.

మనిద్దరం ఏం చేస్తాం అనసూయా అక్కడ? … అంటే చూస్తామనుకో. అది సరే. కానీ పిల్లలు లేకుండా… మనమెప్పుడు వెళ్లాం? … తిరుపతి? తిరుపతికి మీ అన్నయ్యవాళ్లు వచ్చారు. సిమ్లాకి పిల్ల ఉంది. … లేదు కదా. నిజమే. ఇద్దరమే ఎక్కడికీ వెళ్లలేదు.

ఎప్పుడూ ఎందుకు అడగలేదు నువ్వు? … నేనడగాలా?

…

ఊఁ. అదీ నిజమే.

హలో. … ఆ, ఉన్నాను. విన్నావుగా. … నువ్వు "వావ్" అనక్కర్లేదు. నీ వావ్‌లు నీ దగ్గరుంచుకో. నీ మీద కోపం చుక్క కూడా తగ్గలేదు.

ఇప్పుడు విను. పర్మిషన్ వచ్చింది, సెలవు వచ్చింది, తేదీలు మారవు. మేము వెళ్తున్నాం. … నీతో కాదు! నీ బండిలో నీ వెనక సీట్లో కూర్చుని, మీరు ఫోటోలు దిగుతుంటే చూస్తూ వస్తామనుకున్నావా? మేము అటు చివర్నుంచి మొదలుపెడతాం. మీరు బెర్లిన్ నుంచి కిందికి దిగండి. మేము బుడాపెస్ట్‌లో దిగి పైకొస్తాం. … ఎందుకా? నా ఇష్టం. మీ అమ్మ ఇష్టం. అప్పుడు నది కుడి పక్కన వస్తుంది, అంతే తేడా. అనసూయా, కుడి పక్కన కూర్చుంటావా? … ఏ పక్కయినా పర్లేదట.

టికెట్లు నేనే తీసుకుంటాను. వీసా నేనే చూసుకుంటాను. నీ హెల్ప్ అక్కర్లేదు. … యాప్ వాడటం నేర్చుకుంటాను. ఎందుకు రాదు? … ఆ, ఒకవేళ రాకపోతే మా సెక్షన్లో సాయిచరణ్ ఉన్నాడు, అతన్నడుగుతాను. నిన్ను మాత్రం అడగను.

ఏంటి? … వియన్నాలోనా?

ఆ. మీరు దిగుతూ, మేము ఎక్కుతూ… ఒక రోజు ఒకే ఊళ్లో ఉంటాం. అది నువ్వు నాకు చెప్పాలా? రెండు బళ్లు ఎదురెదురు వస్తున్నప్పుడు ఎక్కడో ఒకచోట క్రాసింగ్ పడుతుంది. ఉంటే ఏంటి?

…భోజనమా? మాతోనా?

మరి నీ ఫ్రెండ్స్? … వాళ్లని వదిలేసి ఒక్కదానివే వస్తావా? … నిజంగానే అంటున్నావా, జాలిపడి అంటున్నావా? … "మిస్ అవుతాను" అంటే ఏంటి, తెలుగులో… ఊఁ. … సరే. అర్థమైంది. ఇంకోసారి చెప్పక్కర్లేదు.

నాకు తెలీదు. మీ అమ్మనడగాలి.

అనసూయా! వియన్నాలో ఒక పూట మనతో భోంచేస్తుందట అక్షర. ఏమంటావు? … అబ్బో. … అలాగే చెప్పనా? … కాస్త మెత్తగా చెప్పనా, ఉన్నదున్నట్టు చెప్పనా?

హలో. … అడిగాను. చూద్దాంలే, అప్పటికి మాకేం పనులుంటాయో, అంటోంది మీ అమ్మ.

నేనేం చెయ్యను? ఆవిడ ట్రిప్పు.

…సరే, సరే, ఏడవకు. రా. వస్తే రా. కానీ ఒకటి గుర్తుపెట్టుకో. ఈసారి మాది ఇద్దరి ప్రయాణం. మా బండి టైమైతే మేము ఎక్కేస్తాం, నీ కోసం ప్లాట్‌ఫారం మీద నిలబడం. … ఆ. ఉంటాను. మీ అమ్మ పిలుస్తోంది.