చమేలీ ఆట ఎందుకు ఆగింది

ఫిజీ దీవుల్లో లంబాసా ఊరు. వంటింట్లో డెబ్బై తొమ్మిదేళ్ల ధన్‌రాజీ కర్రపెండలం చెక్కు తీస్తోంది. ఆక్లండ్ నుంచి వచ్చిన కొడుకు కూతురు శలేష్ని ఎదురుగా కెమెరా నిలబెట్టింది. అక్కడివాళ్లు నానమ్మని ఆజీ అని, తాతని ఆజా అని పిలుస్తారు.

"ఆజీ, అలా తల వంచుకుంటే నీ మొహం పడదు. నా వైపు చూడు."

"నిన్ను చూస్తూ కూర్చుంటే పెండలం ఎవరు చూస్తారు? వేలు తెగిందంటే మీ నాన్నకి నువ్వే ఫోన్ చేసి చెప్పుకోవాలి."

"సరే, పని చేసుకుంటూనే చెప్పు. చమేలీ ఎవరు?"

"మళ్లీ మొదలెట్టావా? పొద్దున రొట్టెల దగ్గర అడిగావు. స్నానానికి పోతే తలుపు అవతల నిలబడి అడిగావు."

"నువ్వు చెప్పలేదు కాబట్టి అడుగుతున్నాను. శనివారం మందిరం హాల్లో మనవాళ్లందరి ముందు సినిమా వెయ్యాలి. మన ఇంటి కథ మొత్తం అయిపోయింది, ఈ ఒక్క ముక్కే మిగిలింది. ఇదిగో, ఫోన్లో చూడు. చక్కెర మిల్లు దొర తీసిన పాత ఫిల్ము రీలు. పెళ్లి పందిరి, డోలకులు, మధ్యలో గాగ్రా కట్టుకుని ఈవిడ ఆట. రీలు డబ్బా మీద 'చమేలీ, పందొమ్మిది వందల అరవై నాలుగు' అని రాసుంది."

"అబ్బ, చీమంత ఉందే. పెద్దది చెయ్యి. ఆఁ... ఎంత అందంగా ఉండేదే, దొంగమొహం!"

"అంటే తెలుసన్నమాట!"

"అప్పట్లో చమేలీని తెలియని వాళ్లెవరు? ఫలానా పెళ్లిలో చమేలీ ఆటంటే చాలు, చెరకు కొట్టేవాళ్లు కత్తులు చేల్లోనే పడేసి పోయేవాళ్లు."

"ఇక్కడ ఆపుతాను. వెనక తెర పక్క నుంచి తొంగిచూసే పిల్ల నువ్వేగా?"

"నేనే. ఆ రవిక మా అక్కది. అందుకే భుజం మీద నిలవట్లేదు."

"రవిక సంగతి వదిలెయ్. ఆ చూపేంటి? చమేలీని మింగేసేలా చూస్తున్నావు."

"ఆ ఉప్పు డబ్బా ఇలా అందుకో."

"మాట మార్చకు. కమలత్త నాకంతా చెప్పింది. ఆజాకి చమేలీ అంటే ప్రాణమట. చమేలీ గజ్జెలు ట్రంకుపెట్టెలో అడుగున దాచుకున్నాడట. మా తాత అలాంటివాడా? నిజం చెప్పు."

"నీ అత్తకి నోట్లో నువ్వుగింజ నానదు."

"నిజమా కాదా?"

"నిజమే. ప్రాణమే."

"అయ్యో! తెలిసే ఆయన్ని చేసుకున్నావా?"

"తెలిసే చేసుకున్నాను. చమేలీ ఈ ఇంట్లోనే ఉండేది."

"ఈ ఇంట్లోనా?"

"రాత్రి నువ్వు పడుకున్నావే, ఆ మంచం మీదే."

"ఆజీ!"

"అరవకు, కోళ్లు బెదురుతాయి. పూటకి ఎనిమిది రొట్టెలు తినేది. నా గాజులు తన చేతికి ఎక్కేవి కావు. గురక పెట్టిందంటే రేకులు అదిరేవి."

"నువ్వు వడ్డించేదానివా ఆవిడకి?"

"వడ్డించక? యాభై రెండేళ్లు వడ్డించాను."

"ఛీ! నీకు నవ్వెలా వస్తోంది? నాకు ఏడుపొస్తోంది. నేను ఊరుకోను. సినిమాలో ఇలా చదువుతాను, రాసుకున్నాను కూడా, విను. 'మా ఆజీ కాపురం మధ్యలో గజ్జెలు కట్టుకుని నిలబడ్డ సిగ్గులేని మనిషి—'"

"ఏయ్! కొట్టేయ్ ఆ మాట! చమేలీని ఇంకొక్క మాటన్నావంటే నీ కెమెరాని పెండలంతో పాటు ఉడకేస్తాను."

"నీ సవతిని నువ్వే వెనకేసుకొస్తావా?"

"సవతేంటే పిచ్చిమొహమా! గోడమీద దండ వేసిన ఆ ఫోటో చూడు. ఇప్పుడు ఫోన్లో మొహం చూడు. ముక్కు చూడు. గడ్డం మీద సొట్ట చూడు."

"ఇది... ఆజానా?"

"హమ్మయ్య. ఆక్లండ్ చదువు వృథా పోలేదు."

"ఆజానే చమేలీనా? ఇంతింత మీసాలతో, ట్రాక్టర్ మీద కూర్చుని వచ్చేపోయే వాళ్లని తిట్టే ఆజానా?"

"మీసాలు పెళ్లయ్యాక పెంచాడు. మా పెళ్లిళ్లలో గాగ్రా కట్టి ఆడేది మగవాళ్లేనే. ఆడపిల్ల అందరి ముందూ ఆడితే తప్పు, మగవాడు ఆడదానిలా ఆడితే పెళ్లికి కళ. మీకేముంది, ఓ మూల పాటల పెట్టె పెట్టేస్తే పెళ్లయిపోతుంది."

"నాన్నకి తెలుసా?"

"తెలియదు. ఊళ్లో తెలిసినవాళ్లు కూడా ఆ మీసాలు చూసి నోరెత్తేవాళ్లు కాదు."

"ఆజీ, నేను రెండు నెలలుగా ఈ ఆటే నేర్చుకుంటున్నాను. రీలు వెనక్కి తిప్పి తిప్పి. శనివారం తెరమీద రీలు నడుస్తుంటే ముందు నిలబడి నేను ఆడేది ఇదే. అంటే నేను నేర్చుకుంది మా తాత ఆట!"

"ఏదీ, ఆడు చూద్దాం."

"ఇక్కడా? వంటింట్లోనా?"

"పెండలం ఏమీ అనుకోదులే. ఆడు."

"చూడు మరి. ఇలా చేతులు... ఇలా ఓ చుట్టు..."

"ఆగాగు. దోమలు తోలుకుంటున్నావా? చెయ్యి కాదే, నడుము ముందు కదలాలి. ఎడమకాలు వెయ్యి. తలమీద నిండు చెంబు ఉందనుకో, చుక్క ఒలక్కూడదు. ఆఁ, అదీ. ఇప్పుడు మెడ... మెడ అలాగే ఉంచు. కదలకు. కాసేపు అలాగే ఉంచు."

"ఏడుస్తున్నావా ఆజీ?"

"పొగ."

"గ్యాసు పొయ్యికి పొగేంటి?"

"నీ మెడ అచ్చం ఆయన మెడేనే. ఏం చెయ్యమంటావు మరి?"

"ఇంత బాగా ఆడేవాడు ఎందుకు మానేశాడు?"

"సంబంధం మాట్లాడినప్పుడు షరతు. గజ్జెలు విప్పేస్తేనే పిల్లనిస్తామని."

"ఇంట్లో కూడా ఎప్పుడూ ఆడలేదా?"

"ఒక్కసారి. మీ నాన్న పుట్టిన నెలలో. పెద్ద వాన, తలుపులేసి ఉన్నాయి. పిల్లాణ్ణి ఎత్తుకుని రెండు చుట్లు తిరిగాడు. నేను చూస్తున్నానని తెలియగానే వాణ్ణి నా ఒళ్లో పెట్టి, పశువులకి గడ్డి వేసొస్తానని వానలోనే పోయాడు. తర్వాత ఎన్నిసార్లు బతిమాలానో. నా ఒక్కదాని కోసం ఆడవయ్యా అంటే, 'మీ నాన్నకి మాటిచ్చాను' అనేవాడు."

"అయితే ఇదంతా మీ నాన్న చేసిందా?"

"మీ ఆజా అలాగే అనుకున్నాడు. మా పుట్టింట్లో మంచినీళ్లు కూడా ముట్టలేదు. పండక్కి నన్ను గేటు దగ్గర దింపి, సాయంత్రం దాకా బస్టాపులో కూర్చునేవాడు."

"బాగా చేశాడు! ఇదే అసలు కథ. పాత మాటలు కొట్టేసి ఇలా చదువుతాను. 'కూతుర్ని అడ్డం పెట్టుకుని చమేలీ గజ్జెలు లాక్కున్న మొండి ముసలాడు, మా ముత్తాత.' ఆయన ఫోటో ఉందా? తెర నిండా వేస్తాను."

"వద్దు."

"ఎందుకొద్దు? ఆయన చేసిన పని శనివారం అందరికీ తెలియాలి."

"మా నాన్నకి చమేలీ ఆటంటే పిచ్చి. పందిట్లో ముందు వరసలో కూర్చునేవాడు. ఆట అయ్యాక తన తువ్వాలే ఇచ్చి చెమట తుడుచుకోమనేవాడు."

"మరి షరతు ఎందుకు పెట్టాడు?"

"ఆయన ఆస్పత్రిలో ఆఖరి రోజుల్లో ఉన్నప్పుడు మీ ఆజా వరండా దాకా వచ్చాడు, లోపలికి రాలేదు. మా నాన్న నావైపు చూసి 'ఇప్పుడైనా చెప్పనా అమ్మా?' అన్నాడు. నేను వద్దన్నాను. అల్లుడి చేత్తో గుక్కెడు నీళ్లు తాగకుండానే పోయాడు."

"ఏం చెప్పడం ఆజీ? నాకు అర్థం కావట్లేదు."

"ఆ కెమెరా నడుస్తోందా?"

"నడుస్తోంది. ఆపనా?"

"ఆపకు. శనివారం అందరూ వినాలి. ఊరు ఊరంతా మీ ఆజా వైపే చూస్తోంది, ఆయన పక్కన నిలబడితే నన్నెవరు చూస్తారని కుళ్లిపోయి, ఆ గజ్జెలు విప్పించకపోతే నూతిలో దూకుతానని మా నాన్న కాళ్లు పట్టుకున్నది నేనే."