తుమ్మసెక్క తోపడ

"అవ్వా, చిత్రిక పట్టే ఈ తోపడకు ముందర కట్టె వంకరగా ఉందేంది? అంగట్లో అమ్మేవాటికి ఇట్లుండదే?"

అదా... ఇట్లియ్యి సూద్దాం. ఊఁ. ఇది కొన్నది కాదు పాపా, మీ తాత చేసింది. తుమ్మసెక్క, బరువు సూడు ఎంతుందో. ఆ వంకర నా కోసమే పెట్టినాడు. నాది ఎడమసెయ్యి గదా.

నాకు పెండ్లయిన కొత్త. కర్నూలు రాజధాని అయిందని అందరూ సంబరపడతాండ్రి, ఆ యేడు. ఎమ్మిగనూరు నుంచి ఆదోనికి కాపురానికొస్తి. మా నాయన మగ్గాలు చేస్తాండె, మీ తాత తలుపులు, దర్వాజాలు. రెండిండ్లల్లోనూ వడ్రంగమే, ఇంగ నాకు ఉలి, బాడిస కొత్తేముంది.

పెద్ద పలకకు చిత్రిక పట్టల్లంటే ఒగరితో కాదమ్మా. తోపడకు ముందర తాడు కట్టి ఒగరు లాగల్ల, ఎనక నుంచి ఒగరు తొయ్యల్ల. మీ తాతకు తాడు లాగేది వాళ్ళ సిన్నాయన కొడుకు. ఆయప్ప పత్తి మిల్లులో పని దొరికిందని పాయ. సరిగ్గా అప్పుడే ఒక పత్తి శెట్టి కొత్తిల్లు కడతాండె. వాకిలికి రెండు రెక్కల తలుపు, మంచి టేకు. ముహూర్తం కూడా పెట్టేసినారు. మీ తాత ఒక్కడే అరుగు మీద ఆ పలకతో కుస్తీ పడతాండె. తోపడ ఎగిరెగిరి పడేది, సెక్క పెచ్చులు లేసేది.

నేను పక్కనే బియ్యం సెరుగుతా... కాదు కాదు, కొర్రలు. ఆ కాలంలో మనకు బియ్యం యాడివి, పండగొస్తేనే. సూసి సూసి సేట పక్కన పెట్టి, పోయి పలక ఆ కొనకు కూచుండి తాడు పట్టుకుంటి.

"యాందే ఇది?" అనె మీ తాత.

"తొయ్యి" అంటి.

ఇంగ మా అత్త వచ్చె సూడు! మా మామ అప్పటికే లేడు, ఇంట్లో ఆయమ్మదే మాట. "మొగునికి ఎదురుగా, బజార్లో, కాళ్ళు సాపుకోని కూచుంటావా? మూట గట్టుకోని ఎమ్మిగనూరికి పో!" అని ఒకటే కేకలు. మీ తాత తలొంచుకోని, "అమ్మా, ముహూర్తానికి తలుపు లేకపోతే ఆ శెట్టి ఇంగ మనల్ని గడప తొక్కనియ్యడు" అనె. ఆయమ్మ ఇసురుగా లోపలికి పాయ.

లాగితిని గానీ, తాడు నా అరిసెయ్యి కోసేసె. ఎడమసేత్తో లాగితే తోపడ ఒకపక్కకు ఈడ్సుకుపోతాండె. అది సూసి మీ తాత ఏం చేసినాడంటే... సీపురుపుల్ల తెచ్చి నా పిడికిలి కొలిసె. పట్టపగలు, అత్త సూస్తాండంగా, సెయ్యి పట్టుకోని! నవ్వతావా? నవ్వు, నవ్వు. నేనూ నవ్వితి.

బాగా ఆరిన తుమ్మదిమ్మె తెచ్చి, ఈ తోపడ కొత్తగా చేసె, ఉలి దిగే సందు సన్నంగా తొలిసె. సందు సన్నంగుంటేనే టేకు పెచ్చు లేయకుండా తెగేది. ఉలి కమ్మరోళ్ళ కాడ కొట్టించె. తాడు బదులు నా పిడికిలికి ఈ కట్టె పెట్టె, అడుగున ఆముదం పూసె. మొదటిసారి లాగితే సుర్రుమని, ఉల్లిపొర మాదిరి పొట్టు, పలక పొడుగునా ఒకటే పట్టీ, వచ్చి నా ఒళ్ళో పడె. మీ తాత దాన్ని సుట్ట సుట్టి నా తల్లో పెట్టె. దావన పోయే బండ్లోళ్ళు నిలబడి సూస్తాండ్రి పాపా.

ఒక రెక్క అయిపాయ. రెండోది మొదలు పెడతానే నాకు నెల తప్పె. మీ నాయనే కడుపులో. తిన్నది తిన్నట్లే వాంతి, లేసి నిలబడలేను. ముహూర్తం ముంచుకొస్తాంది, మీ తాత మళ్ళా ఒక్కడే. నేను నడవలో మంచం మీద పండుకోని, ఆ తోపడ ఎగిరే సప్పుడు ఇని ఏడుస్తాంటి.

అంతలో మా అత్త బయటికొచ్చి, సీర ఎగదోపి, పలక కొనకు కూచుండె.

"నీకు రాదులేమ్మా" అనె మీ తాత.

"నోరు మూసుకోని సీల తట్టు. ఉలి ఎక్కువ దిగింది. ఆ దిక్కు నుంచి కాదు రా, ఈ దిక్కు నుంచి! సెక్కలో నార ఎట్ల పారిందో కండ్లకు కనపడల్యా? ఈ కట్టె ఒకటి, ఎడమసేతి దానికి చేసి పెట్టినావు, నాకు మణికట్టు పోతాంది!"

మీ తాత సీల తట్టి, పలకను ఆయమ్మ సెప్పిన దిక్కుకు తిప్పె.

సాయంత్రం నాకు గంజి తెచ్చిస్తే అడిగితి. "నీకెట్లొచ్చత్తా ఈ పని?"

"మీ మామకు లాగింది ఎవరనుకున్నావు? తలుపేసుకోని, ఇదే నడవలో. బయటికి తెలిస్తే పరువు తక్కువని."

"మరి నన్నెందుకు అన్ని తిట్లు తిడితివి?"

ఆయమ్మ గంజిలో ఉప్పు కలిపె. అప్పుడు అనె గదా, "మీ మామ పని చేస్తా నవ్వేది నాకు ఇనపడేదే గానీ, ఆ సీకట్లో మొగం కనపడేది గాదు మే. మీరిద్దరూ ఎండలో నవ్వుకుంటాంటే... నాకు ఓర్వబుద్ధి కాల్యా."

నేను ఆయమ్మ సెయ్యి పట్టుకుంటి. పొక్కులు లేసిండె. ఆముదం పూస్తి.

మరుసటి దినం నుంచి ఆయమ్మను లోపలికి పిలిసినా రాదే! అరుగు మీదే కూచుండేది, దావన పోయేటోళ్ళను పలకరించేది. ముహూర్తానికి తలుపు ఎక్కె. శెట్టి భార్య అరిసేత్తో నిమిరి "అద్దం మాదిరుంది" అంటే, మా అత్త ఆ పేరంటాండ్లందర్లో గట్టిగా అనె, "ఆ రెక్క నా కోడలిది. ఈ రెక్క నాది!"

నా తల్లి... ఎంత నవ్వినామో ఆ పొద్దు.

సల్లగుండు పాపా. నీకిష్టమైన పని తలుపులు తీసిపెట్టుకోని చేసుకో, నూరేండ్లు బతుకు. ఆఁ, లెయ్యి లెయ్యి, రొట్టెలు ఆరిపోతాండాయి, తిందువు రా...