రాజనర్సు గారు ఉన్న ఫొటో

1995 ఆగస్టు పదహారున మన చెరుకు పరిశోధన కేంద్రంలో ఛాయాచిత్రకారులుగా చేరిన శ్రీ రాజనర్సు గారు ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్న సందర్భంలో, వారితో పనిచేసిన వారందరి పక్షాన ఈ నాలుగు మాటలు రాసే బాధ్యత నాకు లభించింది.

తొలినాళ్లలో ఫిల్ము రీళ్లు కడిగించడానికి నిజామాబాద్ బస్సెక్కిన వారు, డిజిటల్ కెమెరా వచ్చిన పిదప దాని పనితీరును స్వయంకృషితో అభ్యసించారు. ఆవగింజంత పురుగును దగ్గర నుండి ఫొటో తీస్తే తల స్పష్టంగా వస్తుంది, తోక మసకబారుతుంది. అందుచేత వారు ఫోకస్‌ను తల నుండి తోక దాకా కొద్దికొద్దిగా జరుపుతూ వరుసగా చిత్రాలు తీసి, ప్రతిదానిలోని స్పష్టమైన భాగాన్ని కంప్యూటరులో కలిపి ఒకే చిత్రంగా రూపొందించేవారు. నడుమ ఆకు కదిలితే శ్రమ వృథా. చెరుకు తోటలో గాలి ఊరుకోదు కనుక మేమంతా గోనెపట్టాలు పట్టుకొని చుట్టూ నిలబడేవాళ్లం. వర్ని, బోధన్ రైతులు పురుగును గుర్తుపట్టేందుకు మనం పంచిన గోడపత్రికలన్నీ అలా తయారైనవే. ఎన్ని చిత్రాలు కలిపారో ప్రతిదాని కింద రాయడం వారి నియమం.

వార్షికోత్సవ గ్రూపు ఫొటోకూ అదే పద్ధతి. వరుసగా ఐదారు తీసి, ఎవరి కళ్లు ఎందులో తెరుచుకున్నాయో చూసి కలిపేవారు. ఒక ఏడాది అటెండరు లింబయ్య గారి కళ్లు దేనిలోనూ తెరుచుకోలేదు. పాత ఫొటో నుండి తెచ్చి అతికించి, "లింబయ్య కళ్లు నిరుటివి" అని కింద రాశారు.

పోయిన వార్షికోత్సవంలో వారి సతీమణి శ్రీమతి ధనలక్ష్మి గారు హాలు గోడమీది ఫొటోలన్నీ చూసి, "ఇన్నేండ్లు ఆఫీసుకే పోతున్న అన్నడు. ఒక్క ఫొటోల లేడు. ఏడికి పోయిండో ఎవరికెరుక?" అన్నారు.

"నేను గూడ నిలబడితే లింబన్న కండ్లు ఎవరు సూస్తరు?" అన్నారు రాజనర్సు గారు.

అందరం నవ్వాం. ఆమె నవ్వలేదు. "వచ్చేయేడు రిటైరైతవు. మనుమలు అడిగితే ఏం సూపియ్యాలె?"

ఆ మాట మాకు గుర్తుండిపోయింది. అందుకే మన కేంద్రం పత్రిక ఈ సంచిక ముఖచిత్రాన్ని మా సహోద్యోగిని ఉమారాణి గారు తీశారు. ఒక్కసారే మీట నొక్కారు. లింబయ్య గారి కళ్లు మూసుకొనే ఉన్నాయి. నడుమ నిలబడిన రాజనర్సు గారు కెమెరా వైపు గాక లింబయ్య గారి వైపే చూస్తున్నారు.

"ఇంకో నాలుగు తియ్యమ్మా, కలుపుత" అన్నారు.

"అన్నా, గిదే మంచిగున్నది" అన్నారు లింబయ్య గారు, అందులో తాము ఎలా పడ్డారో చూసుకోకుండానే.

వారి నియమం ప్రకారమే దాని కింద "ఒకే చిత్రం" అని అచ్చువేయించాం. పటం కట్టించి ధనలక్ష్మి గారికి అందజేస్తున్నాం. శ్రీ రాజనర్సు గారు నిండు ఆరోగ్యంతో చిరకాలం జీవించాలని, ఇకపై తమ ఇంట జరిగే ప్రతి శుభకార్యం ఫొటోలోనూ వరుసలో నిలబడాలని మనసారా కోరుకుంటున్నాం.