పాలపొడి అని కొడితే మట్టయ్య వస్తుండు

ఒక్కో మనిషికి ఐదు మాటలు కావాలంటివి, ఇచ్చిన. ఇప్పుడొచ్చి నన్ను అడిగితే ఎట్ల, నవీనూ?

నువ్వే గదా అన్నవ్. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ మూడింటికి కలిపి వెబ్‌సైట్ పెడుతున్న పెద్దనాయినా, మోటర్లు బాగుచేసేటోళ్లు ఒక తాన, టెంట్‌హౌసోళ్లు ఒక తాన ఉంటరు, జనం ఏ మాట కొట్టి వెతుకుతరో చెప్పు అని. చెప్పిన. కోదాడోళ్లు చివర ‘అండి’ పెట్టి వెతుకుతరు, అది గూడ కలుపుకో అన్న. కలపలే. కోదాడ నుంచి ఎవడన్న వస్తుండా నీ సైటుకు?

టెంట్‌హౌస్ జవహర్‌కు ‘చిరిగిన షామియానా’ అని ఇచ్చిన. ఆయన ఏమన్న అన్నడా? ఆయనకు చదువు రాదనుకో.

మోటర్లు చేసే మట్టయ్య కాడికి వచ్చేసరికి మోటర్, వైండింగ్, స్టార్టర్. మూడే అయినయ్. ఇంకో రెండు అన్నవ్. ఆయన ఇంటిపేరు రేషన్ కార్డుకు తప్ప ఎవరికి తెల్వదు. మన ఆత్మకూరుల ఎవరినన్న అడుగు, పాలపొడి మట్టయ్య అంటేనే ఇల్లు సూపిస్తరు. అందుకే ‘పాలపొడి’ అన్న. ఐదోది ‘దొంగ’ అన్న. నవ్వుతాలకు అన్న. నువ్వు నవ్వకుండ టైపు కొట్టుకున్నవ్.

మిర్యాలగూడ నుంచి ఒక తల్లి ఫోన్ చేసి, పసిపిల్లకు పాలపొడి ఉన్నదా అని అడిగిందట. ఐదు హార్స్‌పవర్ దాకా చేస్తనమ్మా అన్నడట మట్టయ్య.

గది గాదు అసలు సంగతి, నాకు తెలుసు. ఆయన కొత్త కోడలు హిమజ. మామ దుకాణం కంప్యూటర్ల సూపిస్త అని ఆయనను పక్కన కూసోబెట్టుకొని, ఆయన పేరు కింద ఉన్న మాటలు గట్టిగ చదివింది. ఐదోదాని కాడ ఆగింది.

“ఏం దొంగతనం, మామయ్యా?” అన్నది.

ఆయన లేచి పోయిండు. మూడు రోజులాయె, షెడ్డు షట్టర్ తీయలే. పొలాలు ఎండుతున్నయ్, కాలిన మోటర్లు షట్టర్ ముందట వరస గట్టినయ్. ఆ పిల్ల పెట్టిన కంచం గూడ ముడుతలేడట.

తీసేస్త అంటవ్. సైటుల తీస్తవ్, సరే. ఆ పిల్ల చెవులకెల్లి ఎట్ల తీస్తవ్?

నన్ను గట్ల సూడకు. చెప్త.

ఇద్దరం నాలుగో తరగతి. బళ్లె పిల్లలకు పాలపొడి కలిపి ఇస్తుండిరి. మూట తరగతిలనే మూలకు ఉంటది. ఒకనాడు సారు వచ్చేసరికి మూట ముడి ఇప్పి ఉన్నది, మట్టయ్య మూతినిండ తెల్లగ ఉన్నది. ఎండల నిలబెట్టిండు. వాళ్ల నాయిన వచ్చి గుంజుకపోయి గొర్ల ఎనక తోలిండు. మళ్ల బళ్లెకు రాలే.

తిన్నది నేను. సారు చెప్పుల సప్పుడు ఇని, పక్కన నిద్రపోతున్న మట్టయ్య మూతికి నా చేతులు తుడిసిన. దొంగ అని మొదలు అన్నది గూడ నేనే.

ఆయనకు తెల్వదు. ఇప్పటికీ నా మోటర్ కాలిందంటే, చేతిల పని పక్కన పెట్టి ముందు నాదే చేస్తడు.

పోయి చెప్పుమంటవ్. ఊరందరి మీద లేసే నోరు ఆయన ముందర లేస్తలేదు, నవీనూ. రెండుసార్లు షెడ్డు దాక పోయి వచ్చిన.

ఒక పని చెయ్యి. ఆ రెండు మాటలు ఆయన కాడికెల్లి తీసి నా పేరు కింద పెట్టు. ఏ కేటగిరీ అంటవా? నాకు ఏ పని రాదని నీకు తెలుసు. అడుగున ‘ఇతరములు’ అని ఉన్నది సూడు, అండ్ల పెట్టు. నా సెల్ నంబర్ ఎయ్యి. హిమజకు సూపియ్యి.

ఆ పిల్ల ఫోన్ చేస్తే ఎత్తుత. ఎత్తుత అనే అనుకుంటున్న.