స్ట్రైకర్‌కి ఎదురు రావాలి

హలో… ఆ, నేనే. శనివారం పూట మీకు ఫోన్ చేసేవాళ్ళు నేను కాక ఇంకెవరున్నారండీ…

ముందు ఆ క్రికెట్ ఆపండి… సౌండు తగ్గించడం కాదు, ఆపడం… ఆ.

సత్వాలో టైలరు దగ్గర్నుంచే బయల్దేరాను… లేదు, జాకెట్టు రాలేదు. వజీరాబీ "హుక్కులొక్కటే దీదీ, హుక్కులొక్కటే" అంటూ మధ్యాహ్నమంతా స్టూలు మీద కూర్చోబెట్టింది. తీరా చూస్తే చేతులే కుట్టలేదు… ఇప్పుడు టాక్సీలో ఉన్నా. టాక్సీ షేక్ జాయెద్ రోడ్డు మీద ఉంది. ఉంది అంటే ఉంది, అంతే. కదలడం లేదు. ముందెక్కడో కార్లు గుద్దుకున్నాయట.

టిఫినా?… డబ్బాలో చేగోడీలు… అబ్బ, టిఫిన్ సంగతి కాదండీ! మీరో పని చెయ్యాలి. ఇప్పుడే. కాదనకూడదు.

పక్క ఫ్లాట్ డారెన్‌కి ఎదురెళ్ళాలి.

…

హలో? ఉన్నారా?

డారెన్ అండీ. చేతులనిండా పచ్చబొట్లు… ఆ, అతనే. …జిమ్ ట్రైనరా? ఎవరు చెప్పారు? మూడేళ్ళుగా గోడకి అటుపక్క ఉంటున్న మనిషి ఏం చేస్తాడో తెలీదా? ఫుట్‌బాల్ ఆటగాడు. ఇంగ్లండ్ వాడు. స్ట్రైకర్. అంటే గోల్ కొట్టేవాడు… కొట్టాల్సినవాడు అనుకోండి.

ఎదురెళ్ళడమంటే ఏమిటంటారేం! మీరు ఇంటర్వ్యూకి వెళ్ళినప్పుడల్లా నేను ఇంత బొట్టు పెట్టుకుని, నిండు చెంబు పట్టుకుని మీకు ఎదురు నడిచేదాన్ని చూడండి, అదే.

తెల్లవాడైతే? తెల్లవాళ్ళకి శకునాలుండవా? ఎడమకాలి మేజోడు ముందు తొడుక్కోకపోతే మైదానంలోకి దిగడు. గోల్ కొట్టిన రోజు వేసుకున్న బనీను సీజనంతా ఉతకడు. ఆ బనీను కారిడార్లోంచి వెళ్తే నాకు వంటింట్లోకి తెలుస్తుంది.

నవ్వండి, నవ్వండి. నేను బోటనీ ఎమ్మెస్సీనే, మర్చిపోలేదు. యూనివర్సిటీలో మూఢనమ్మకాల మీద వ్యాసరచనకి రెండో బహుమతి కూడా ఇచ్చారు… మొదటిది ఎందుకు రాలేదా? ఆ రోజు నాకెవరూ ఎదురు రాలేదు లెండి.

ఎలా మొదలైందంటే… వానకి మన పార్కింగ్‌లోకి నీళ్ళొచ్చిన వారం గుర్తుందా? అప్పుడు. నేనేదో పనిమీద గుమ్మం దాటాను… ఏ పనైతే ఏంటి, పని! ఎదురుగా ఇతను, భుజాన బ్యాగుతో. 'హలో' అన్నాడు, 'హలో' అన్నా. వెళ్ళి రెండు గోల్స్ కొట్టాడు. అంతకుముందు నెలల తరబడి గోల్ మొహం చూడలేదట. మర్నాడు చాక్లెట్ డబ్బా పట్టుకుని తలుపు కొట్టాడు… ఆ డబ్బాయే. ఖాళీ చేశారు గానీ ఎక్కడిదని అడిగారా?… "మేడమ్, మ్యాచ్ ఉన్న రోజు నేను బయల్దేరేటప్పుడు మీరు అలాగే రావాలి" అన్నాడు.

నాకు ఏనుగెక్కినట్టయిందండీ. ఈ దేశం వచ్చినప్పుడు నా వీసా మీద 'హౌస్‌వైఫ్' అని ముద్ర కొట్టారు. ఆ తర్వాత నాకు దక్కిన మొదటి ఉద్యోగం ఇది.

వెళ్ళాను. ప్రతి మ్యాచ్‌కీ వెళ్ళాను. ఊరికే వెళ్తానా? తలస్నానం, పట్టుచీర, మా అమ్మ ఇచ్చిన ఇత్తడి చెంబు చింతపండు పెట్టి తళతళా తోమి… ఆ, వారం మధ్యలో పట్టుచీరేమిటని మీరు అడిగితే లలితా పారాయణం అన్నాను చూడండి, అది ఇదే.

ఎన్ని గోల్సంటే… ఆ తర్వాత… ఒకసారి బంతి స్తంభానికి తగిలింది… ఇంకోసారి కొట్టాడు గానీ ఆఫ్‌సైడన్నారు. ఆఫ్‌సైడంటే, పెళ్ళిలో మగపెళ్ళివారి కంటే ముందే పంక్తిలో కూర్చోవడం లాంటిది. విస్తరి ముందు నుంచి లేపేస్తారు… సరే, సున్నా! చాలా? తృప్తిగా ఉందా?

మానెయ్యొచ్చు. కానీ మానేస్తే ఇంకా పాడవుతుందేమోనని అతని భయం. మానేస్తే పదవి పోతుందని నా భయం. పాపం మర్యాదస్తుడు. ప్రతిసారీ నా చేతిలోకి వింతగా ఓ చూపు చూసి, నవ్వి వెళ్ళిపోయేవాడు. చెంబు పనితనం చూసి ముచ్చటపడుతున్నాడనుకునేదాన్ని.

ఇవాళెందుకు అంత ముఖ్యమా? ఇవాళ ఆఖరి మ్యాచ్ అండీ. అతనికి ముప్ఫై ఆరేళ్ళు. ఇక్కడి క్లబ్బుతో కాంట్రాక్టు ఈ నెలతో అయిపోతుంది. ఇవాళ గోల్ కొడితే ఇంకో ఏడాది ఇస్తామని క్లబ్బు మేనేజరు, అదే వాళ్ళ ముదీర్, అన్నాడట. కొట్టకపోతే ఖలాస్. సామాను సర్దుకుని ఇంగ్లండ్ పోవడమే. క్లబ్బు వ్యాన్ కింద ఆగగానే బయల్దేరతాడు. ఇహనో ఇప్పుడో వచ్చేస్తుంది. నేనేమో ఇక్కడ ఓ సిమెంటు లారీ వెనక కూర్చుని ఉన్నాను.

లేవండి. లుంగీ మార్చండి… ప్యాంటు అయితే చాలు, సూటక్కర్లేదు… ఫోన్ స్పీకర్లో పెట్టండి. చెంబు దేవుడి గూట్లో ఉంది. నిండా నీళ్ళు… కుళాయివే పర్లేదు, అతనేం తాగడు.

ఇప్పుడు తలుపు కన్నంలోంచి చూస్తూ నిలబడండి. అతని తలుపు తెరుచుకోగానే మీరు బయటికెళ్ళాలి. మన గుమ్మం లిఫ్టు వైపుంది కాబట్టి అతనికి ఎదురు నడిచినట్టే అవుతుంది. వెనకనుంచి పిలవకూడదు. ఎక్కడికని అడక్కూడదు… మీకు అలవాటు కాబట్టి చెబుతున్నా. 'గుడ్ లక్' అనండి, ఆగిపోండి. ముఖ్యంగా క్రికెట్ ఎత్తకండి.

మగాళ్ళు ఎదురొస్తే పనిచేస్తుందా అంటే… మా నాయనమ్మ ఆ సంగతి చెప్పకుండానే పోయింది. వేణుగోపాలరావు గారూ, ప్రయోగం అనుకోండి.

ఇంకా తెరవలేదా? చూస్తూ ఉండండి…

అంత గొప్పవాడైతే ఇక్కడెందుకున్నాడా? గొప్పవాడని నేనన్నానా? వినండి, ఎలాగూ నిలబడే ఉన్నారు. ఏడాదంతా వాన పడే ఊరట వాళ్ళది. బళ్ళో ఉండగానే పెద్ద క్లబ్బువాళ్ళు తీసుకెళ్ళారు. పదహారేళ్ళకి "పొట్టిగా ఉన్నావు, పో" అన్నారు. పొమ్మన్నాక తాటిచెట్టులా పెరిగాడు. అప్పటికి వాళ్ళు తలుపేసుకున్నారు. పగలు బిస్కట్ ఫ్యాక్టరీలో అట్టపెట్టెలు మోస్తూ, సాయంత్రాలు ఓ చిన్న క్లబ్బుకి ఆడాడు. అక్కడ ఎడాపెడా గోల్స్ కొడుతుంటే పై డివిజన్ వాళ్ళొచ్చి కొనుక్కున్నారు… కొనుక్కోవడమే. మన పశువుల సంతలోలాగే, మోకాళ్ళు నొక్కి చూస్తారట. మొదటి మ్యాచ్‌లోనే గోల్! స్టేడియం స్టేడియమంతా అతని పేరు మీద పాట కట్టి పాడింది.

ఆ తర్వాతా?… మోకాలు పోయింది. ఇంకేముంది, అప్పు మీద తిరగడం… డబ్బప్పు కాదు. ఒక క్లబ్బు ఇంకో క్లబ్బుకి మనిషిని అప్పిస్తుంది. మనం పక్కింటికి ఇడ్లీపాత్ర ఇస్తాం చూడండి, అలాగ. ఇచ్చినవాళ్ళు అడగరు, తీసుకున్నవాళ్ళు తోమరు. అలా ఎన్ని ఊళ్ళు తిరిగాడో. ఒక చోటైతే ఖాళీ గోల్ ముందు, అడుగు దూరంనుంచి, బంతిని ఆకాశంలోకి తన్నాడు. ఆ వీడియో ఇప్పటికీ జనం ఫోన్లలో తిరుగుతోంది. నాకు చూపించింది అతనే. పడీ పడీ నవ్వాడు.

నేనెలా నవ్వుతానండీ? మీ ఆఫీసువాళ్ళని భోజనానికి పిలిచి నేను చేసిన మైసూర్‌పాక్ గుర్తుందిగా. సుత్తి తెమ్మన్నారు మీ మేనేజరు. అదెవరూ వీడియో తియ్యలేదు. అతనికీ నాకూ అంతే తేడా.

భార్య… విడిపోయారు. ఎన్ని ఊళ్ళని మారుతుంది. పిల్లల్లేరు. ఇన్నేళ్ళలో మ్యాచ్‌కెళ్తుంటే గుమ్మం దాకా వచ్చినవాళ్ళు లేరని ఓసారి మాటవరసకి అన్నాడు. అందుకేనేమో ఈ పట్టింపు.

మీరెన్ని ఉద్యోగాలు మారారు? అన్నిటికీ ఎదురొచ్చానా లేదా?… ఆ. నేను ఆ స్కూల్లో టీచరు ఇంటర్వ్యూకి వెళ్తుంటే మీరేం చేశారు? బాత్రూమ్‌లోంచి "తువ్వాలేదీ" అని వెనక్కి పిలిచారు… ఉద్యోగం అందుకే పోయిందని అనడం లేదండీ. పిల్లలు క్లాసులో అల్లరి చేస్తే ఏం చేస్తారని అడిగారు. "నేనే బయటికెళ్ళిపోతాను" అన్నాను. దానికి మీరేం చేస్తారు, తువ్వాలేం చేస్తుంది.

అయ్యో! తుమ్మారా?… ఒక్కటేనా?… ఇంకోటి తుమ్మండి! ఒంటి తుమ్ము పనికిరాదు, జంట తుమ్మయితే దోషం లేదు… రాకపోతే తెప్పించుకోండి! పోపుల డబ్బా తీసి మిరియాలు… మిరియాలండీ, ఆవాలు కాదు!… వాసన చూడండి… గట్టిగా…

ఆ! హమ్మయ్య. చల్లగా ఉండండి.

ఇంకోటా? మూడు వద్దు! ముక్కు మూసుకోండి!

…ఏమిటి, తెరుచుకుందా? వెళ్ళండి, వెళ్ళండి! యల్లా!… నహీఁ భయ్యా, మీకు కాదు. మీరెలా వెళ్తారు, ముందు లారీ ఉందిగా… ఫోన్లో, ఫోన్లో మా ఆయనకి!

…

హలో?

…ఎవరా నవ్వేది? …ఏవండీ! వినపడుతోందా?

…ఆ, చెప్పండి. ఏమైంది? ఎదురెళ్ళారా?… నిలబడ్డాడా?… చెంబు చూశాడా?…

చెంబు లేకపోవడమేమిటి?… వంటింటి గట్టు మీద… మిరియాల దగ్గర పెట్టి మర్చిపోయారా! మరి ఉత్త చేతులతో వెళ్ళారా?… కాదా?… ఏం పట్టుకెళ్ళారు?

…

చెత్త సంచీనా!

గుమ్మం దగ్గర కనపడితే… అలవాటుగా… ఏం అలవాటండీ! బయటికెళ్తే చెత్త తీసుకెళ్ళండని పెళ్ళయిన దగ్గర్నుంచీ చెబుతున్నాను, ఒక్కనాడు ముట్టుకున్నారా? జెబెల్ అలీ రేవు నుంచి కంటెయినర్లని సముద్రాలు దాటిస్తారు, ఒక్క సంచీని గుమ్మం దాటించిన పాపాన పోలేదు. ఇవాళే గుర్తొచ్చిందా! అదీ నిన్నటి చేపల సంచీ! ఆఖరి మ్యాచ్‌కి వెళ్తున్న మనిషి ఎదుట చేప తలకాయలు…

ఏమిటీ?… మళ్ళీ చెప్పండి. నెమ్మదిగా.

…మిమ్మల్ని కౌగిలించుకున్నాడా?

"ఇన్నాళ్ళకి సంచీ వచ్చింది" అన్నాడా…

…

ఉన్నాను. ఉన్నానండీ.

…ఆ మొదటి రోజు పనేమిటని ఇందాక అడిగారు కదా. అదే. నైటీ మీద తువ్వాలు చుట్టుకుని, చెత్త పారెయ్యడానికి పరిగెత్తాను. సంచీ కారుతోంది కూడా. "అలాగే రావాలి" అన్నాడంటే… అలాగే అని! అక్షరాలా! నేనేమో ఆ మాట చెవిన పడగానే పట్టుచీర కట్టేశాను. అతను పాపం ప్రతి మ్యాచ్‌కీ నా చేతిలోకి చూసింది చెంబు కోసం కాదు. సంచీ ఏదీ అని. అడగడానికి మొహమాటం. ఆడమనిషిని, అంత ముస్తాబుగా వస్తే, "మేడమ్, చెత్త తెండి" అని ఎలా అడుగుతాడు?

ఒక మనిషి కెరీర్‌ని చింతపండు పెట్టి తోమేశానండీ.

నవ్వండి. ఈసారి నిజంగానే నవ్వండి, నేనేం అనుకోను. మూఢనమ్మకాల మీద రెండో బహుమతి. మూఢనమ్మకాన్ని కూడా మరీ మెరుగు పెట్టి చెడగొట్టినదాన్ని నేనొక్కదాన్నే అయుంటాను.

మరి సంచీ ఏది?… అతనే లాక్కుని వెళ్ళి కారిడార్లో చెత్త గొట్టంలో పడేశాడా? అయ్యో, ఆ చేతులతో… కాళ్ళతోనే కదా ఆడేది, పర్లేదు. వ్యాన్ వెళ్ళిపోయిందా?… వెళ్ళిందా. సరే. ఇక మన చేతుల్లో ఏం లేదు. చేపల వాసన తప్ప.

నా గురించి అడిగాడా?… ఏమని?…

…

గోల్ కొట్టినా, కొట్టకపోయినా… తిరిగొచ్చేసరికి గుమ్మంలో ఎవరైనా ఉంటే బావుంటుందన్నాడా.

…ఏం లేదు. జాకెట్టు కుట్టలేదని దిగులు.

వింటున్నారా, వచ్చేసరికి ఎర్రనీళ్ళు కలపాలి. దిష్టి తియ్యాలిగా. పసుపు నీళ్ళలో కాస్త సున్నం వేస్తే… సున్నం పై అరలో, స్టీలు డబ్బా వెనక… నా వెండి పళ్ళెం కూడా… గంధం గిన్నె…

…

వద్దు. అవన్నీ వద్దు. పళ్ళెం ముట్టుకోకండి. నాకు మళ్ళీ పూనకం వస్తోంది, గమనించారా? ఉత్త చేతులతో నిలబడతాను. మీరూ నిలబడండి… లుంగీలోనే. ఓడి వచ్చినా, గెలిచి వచ్చినా కాస్త పప్పన్నం పెడదాం. మైసూర్‌పాక్ చెయ్యన్లెండి, పాపం, పళ్ళు ఇంగ్లండ్ దాకా పోవాలో ఏమో.

ఆ!… కదిలింది, లారీ కదిలింది! షుక్రియా భయ్యా…

ఏమిటీ?… కిందకొస్తారా? ఎందుకూ?

…నాకా? నాకు ఎదురొస్తారా? మీరు?

…

ఏం పట్టుకొస్తారు, చెంబా, సంచీయా?… సంచీ అయిపోయిందిగా. సరే, చెంబే తెండి. నిండా వద్దు, నా చీర మీద ఒలకబోస్తారు… ఆ. సగం చాలు.

పెట్టేస్తున్నా.