తరుగు పోను పందొమ్మిది కిలోల ఆరొందలు

నమ్మబుద్ధి కాకపోతే ఇప్పుడే లేచి పోండ్రి మేడం. తలుపు తీసే ఉన్నది. నలభై ఒక్క ఏండ్లు మార్కెట్ యార్డుల దడ్వాయి పని చేసిన. పత్తి, మిర్చి, వడ్లు, పసుపు, నా కాంటా ఎక్కకుండ బయటికి పోయిన గింజ లేదు. కొమురెల్లి తూకంల గ్రాము తేడా ఉన్నదని రుజువు చేసెటోడు వరంగల్ల ఇంకా పుట్టలే. అసుంటి నా ఇంటికి నోటీసు పట్టుకొని వస్తిరి. ఎనిమిది వందల గ్రాములకు!

కూసోండ్రి, కూసోండ్రి. ఎస్సై అయితేంది, నిలబడి అడిగితే నాకు జవాబు రాదు. ఆ కుర్చీ గట్టిదే. యాభై ఎనిమిది కిలోలను ఆపుతది.

ఏంది, అట్ల చూస్తాండ్రు? మీ బరువే. మనిషిని చూస్తే చెప్త. బూట్లు ఇడిస్తే యాభై ఏడు. కోపానికి రాకుండ్రి అరుణ మేడం, నేను మేడారం జాతరల మనుషులను బెల్లంతోని తూచినోన్ని. ఆడ బెల్లాన్నే బంగారం అంటరు, నిలువెత్తు బంగారం మొక్కినోళ్ళు వరుస కట్టిండ్రు. ఒక్క దినంల పదకొండు వేల మందిని కాంటా ఎక్కిచ్చి దించిన. ఒగ కాంట్రాక్టరు వచ్చిండు. దూరంకెల్లి చూసి చెప్పిన, అయ్యా, మీకు సరితూగె బెల్లం ఈ నాలుగు జిల్లాలల్ల లేదు, ఇంటికి పోయి ఆర్నెల్లు జొన్నరొట్టె తిని రా అన్న. పోయిండు. మళ్ళ జాతరకు వచ్చి నా కాళ్ళు మొక్కిండు.

నవ్వుతాండ్రు. నవ్వుండ్రి.

మీరు ఈ డ్రగ్స్ టీంలకు వచ్చి రెండు నెలలాయె. మీ టీం సంగతి మీకు నేనే చెప్పాలె. మీకంటె ముందు సీఐ ఎల్లస్వామి సారు ఉండె. మంచోడు. ఒగసారి మార్కెట్ పక్కపొంటి గంజాయి దొరికింది. సారు తెచ్చుకున్న మిషను బ్యాటరీ అయిపాయె. తూకం లేకపోతే కేసు లేదు గదా! ఎవలన్న ఉన్నరా అంటె నన్ను చూపిచ్చిండ్రు. ఆ దినం సంది ఎక్కడ దొరికినా కొమురెల్లికే ఫోను. నా కాంటా, నా చెయ్యి. కాయితం మీద ‘తూకం వేసినవారు’ అని ఉంటది చూడుండ్రి, గది నా సంతకం.

తూచుడు ఒక్కటే అనుకుంటాండ్రా? పట్టిచ్చింది ఎవలు? కాజీపేట ప్లాట్‌ఫారం మీద చాయ తాగుకుంట కూసుంటె, మనిషి నడక చూసి చెప్పేది. బట్టలున్న బ్యాగు ఊగుతది మేడం. గంజాయి అచ్చులు పోసి, బిగ్గ టేపు చుడతరు, ఆ బ్యాగు ఊగది. భుజం ఒగ దిక్కు ఒరుగుతది, బ్యాగు మాత్రం కదలది. అట్ల ముప్పై ఇద్దరిని చూపిచ్చిన. మీ కుక్క ఉండెగదా, పేరు ఏందో... ఆ, గదే. నేను ఉన్న దినం అది ముక్కు కూడ ఎత్తకపోయేది. నా మొఖం చూసి కూసునేది. ఆఖరికి దాని నౌకరే పాయె.

సరే, సరే. పరకాల రోడ్డు సంగతే. వస్తాన.

మే నెల. పట్టపగలు. రోడ్డు మీద గొడ్డు లేదు, మనిషి లేడు. సారు ఒగ ఆటోను ఆపిండు. ఆపంగనె ఎనకున్న ప్యాసింజరు దునికి పొలాలల్ల పడ్డడు. ఇద్దరు కానిస్టేబుళ్ళు ఉరికిండ్రు, దొరకలే. సీటు ఎనుక బస్తా. బస్తాల పది ప్యాకెట్లు. ఆటో తోలెటోడు భానుచందర్, ముప్పై ఏండ్లు ఉంటయేమో, స్టీరింగు పట్టుకొని అట్లనె కూసున్నడు. బస్తా నాది కాదు, ఎక్కినోనిది అంటడు. అందరు గదే అంటరనుకో.

నన్ను బండి మీద తీస్కపోయిండ్రు. రోడ్డు పక్కకు పట్టా పరిచి, టేపులు కోసి, బస్తా పక్కకు పారేసి, సరుకు ఒక్కటే తూచినం. సారు, రాసుకునుటానికి రాజమౌళి, సాక్షి సంతకాలకు పంచులుగ సర్కారు నౌకరోళ్ళు ఇద్దరు, ఫోన్ల వీడియో తీసెటోడు ఒగడు. ఆ వీడియోల నా వీపు తప్ప ఏం పడలేదట. నా వీపు అసుంటిది. కాంటా అంకెలు ఎక్కడ అవుపడుతయి?

కాయితం మీద ఏమున్నది? పందొమ్మిది కిలోల ఆరొందలు. ఆగస్టుల కోర్టు ఆర్డరుతోని కాలబెట్టేటప్పుడు తూచిండ్రు, ఇరవై కిలోల నాలుగొందలు వచ్చింది. ఎండిన సరుకు తక్కువ కావాలె గాని ఎక్కువెట్ల ఐంది అంటరు. గదే గదా మీ సవాలు?

ఆడనే ఉన్నది మేడం మతలబు. నిమ్ము! వానకాలం గోదాంల మూడు నెలలు ఉన్నది. పత్తి బస్తా ఆషాఢంల గాలి తాగి ఎంత పెరుగుతదో నన్ను అడుగుండ్రి. ఒగ సేటు గోదాంల పదికి పది బస్తాలు పెరిగి, తలుపు తెరుచుకోక గోడ పగలగొట్టినం.

ఆ? సీలు ఏసిన ప్లాస్టిక్ కవర్ల ఉన్నదా?

ఉండనీయుండ్రి. గాలికి మీ సీలు కనవడుతదా?

...

అట్ల చూడకుండ్రి. మీది పాలకుర్తి దిక్కని ఇన్న. మీ నాయిన పత్తి పెడుతడా? అగో, నేను అనుకున్న. అందుకే లెక్క దొరికిచ్చుకున్నరు. మార్కెట్ సంగతి తెల్వని ఆఫీసరైతే నిమ్ము అంటె నమ్మి చాయ తాగి పోయెటోడు. మీరు ఒక్కటే మాట అడిగిరి, తాతా, తరుగు తీసినవా అని.

ముసలోడు, అలవాటుల తరుగు తీసిండు, తప్పు దిద్దుతానమని రాసుకుంటా, సంతకం పెట్టు, నిన్ను ఎవలు ఏమనరు అంటాండ్రు. మంచి మనసే మీది. సంతకం పెడితే నాకేం కాదు. ఆ ఆటోవానికి? గంజాయి ఇరవై కిలోలు దాటితె బెయిలు రాదు, పదేండ్లకు తక్కువ శిక్ష లేదు. ఇరవై లోపలయ్యె సరికి జడ్జిగారు బెయిలిచ్చిండు. ఇప్పుడు ఆటో తోలుకుంటాండు. మీరు ఆ అంకె దిద్దితె రేపు మళ్ళ లోపలికి.

జర పెన్ను పక్కకు పెట్టుండ్రి. అయ్యొ, పెట్టుండ్రి బిడ్డా.

ఇరవై కిలోల ఆరొందలు చూపిచ్చింది కాంటా. నేను నోరు తెరిచే లోపల వాడు, ఆ భానుచందర్, కింద కూసున్నోడు, తల ఎత్తి అన్నడు:

“తాతా, తరుగు తియ్యవా? పత్తికి తీస్తిరి, మిర్చికి తీస్తిరి, తడిసిన వడ్లకైతె రెండింతలు తీస్తిరి. దీనికి తియ్యవా?”

అందరు నవ్విండ్రు. సారు నవ్విండు. పంచులు నవ్విండ్రు. వాడు నవ్వలే. నేను వాని చేతులు చూసిన. వేళ్ళ కొసల మీద గీతలు. పత్తికాయ పొట్టు కోసిన గీతలు మేడం, అవి ఆటో తోలితే రావు.

నేను పలికిన. మార్కెట్ల పలికినట్టే, రాగం తీసి, తరుగు పోను పందొమ్మిదీ కిలోల ఆరొందలూ అని.

దడ్వాయి పలికిందే రాత. యార్డుల నలభై ఏండ్లు గదే కాయిదా. రాజమౌళి తల ఎత్తలే, రాసిండు. పంచులు సంతకాలు పెట్టిండ్రు. సారు పెట్టిండు. గంజాయికి తరుగేందిరా అని ఒక్కడన్న అన్నడా? అందరు రైతు బిడ్డలే. తరుగు అనంగనె తల ఊపిండ్రు. పుట్టినకాన్నుంచి తల ఊపిన మాట అది. ఇప్పుడు పోయి అడుగుండ్రి, ఒక్కొక్కడు నాకు ఇనబడలే అంటడు. సంతకం పెట్టినంక చెవులు పని చేస్తయా?

వానికి అందుట్ల భాగమున్నదో లేదో నాకు తెల్వది. ప్యాసింజరు దుంకినప్పుడు వాడెందుకు ఉరకలే అని చాన సార్లు ఆలోచన చేసిన. అమాయకుడై ఉరకలేదో, ఆటో ఇడిచిపెట్ట బుద్ధి కాక ఉరకలేదో. దేవుని మీద ఒట్టు, తెల్వది.

అలవాటు అంటాండ్రు. నేనేమన్న తాగి ఉన్నన్నా, అలవాటు అనుటానికి? కొమురెల్లి చెయ్యి అలవాటుల తప్పుతదా? తెలిసి తీసిన. కిలో లెక్క చూసుకొని తీసిన. ఇంకో ఐదొందలు తీస్తే అనుమానం వస్తది, ఐదొందలు తక్కువ తీస్తే ఇరవై దిగది. అంత నాజూకు తూకం నా ఆయుష్షుల ఎన్నడు ఎయ్యలే.

ఇన్నేండ్లు తరుగు తీసిన. సేటు దిక్కే. ఏ సేటు మొఖం అడిగినా చెప్త, వాని అంగీ రంగు కూడ చెప్త. రైతుల మొఖాలు ఒక్కటి యాదికి లేదు మేడం. ఒక్కటి. ఈ భానుచందర్ పత్తి కూడ తూచిన్నో ఏమో. తూచే ఉంట.

ఇగ మీ ఇష్టం. పెన్ను తీస్తాండ్రా? తీయుండ్రి. తెలిసి తీసిండు అని రాసుకోండ్రి, నేనే చెప్పిన్నని రాసుకోండ్రి, నాకేం ఫికర్ లేదు. సంతకం మాత్రం పెట్ట. రేపు కోర్టుల బోను ఎక్కిస్తే నిమ్ము అంట, గాలి అంట, ఆషాఢం అంట. అప్పుడు జడ్జిగారు మిమ్ములనే అడుగుతడు, ఈ ముసలోడు మీ ముందట నిజమే చెప్పిండని నమ్మకమేందమ్మా అని. ఏం చెప్తరు?

కొమురెల్లి నోట్లెకెల్లి నిజం రాదని చెప్పెటందుకు నాకు సాక్షి ఉన్నది. యాభై రెండేండ్ల సంది నా మాటలు ఇంటాంది. నేను చెప్పిన దాంట్ల ఒక్క ముక్క నమ్మలేదని గీత మీద చెయ్యి పెట్టి చెప్తది, వకీలు అక్కెర లేదు. లోపల పొయ్యికాడ ఉన్నది, మీరే పోయి అడుగుండ్రి. పేరు రాసుకోండ్రి, కొమురెల్లి పెండ్లాం రాజక్క.